కాన్వెంటు చదువు, నడుమ ఒక గోడ

ఈ సంచికకి ఏదైనా వ్యాసం ఇవ్వమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు "స్త్రీ విద్య ఆవశ్యకత" అని పైన పెట్టి నాలుగు పేజీలు నింపడం నాకు పెద్ద కష్టమేమీ కాదు. హైస్కూల్లో వక్తృత్వపు పోటీల కోసం ఆ వ్యాసాన్ని మూడుసార్లు బట్టీ పట్టినదాన్ని. ఒకసారి రెండో బహుమతిగా స్టీలు డబ్బా కూడా తెచ్చుకున్నాను. కానీ ఆడపిల్లకి చదువు కావాలా వద్దా అన్న ప్రశ్న మా అమ్మమ్మ తరంతోనే చాలావరకు తీరిపోయింది. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరాలు వచ్చిన ఆడవాళ్ళు 8.86 శాతం, అంటే నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. ఇవాళ మిరపకోతలకి పోయే తల్లి కూడా కూతుర్ని బడికి పంపాలనే అంటుంది. ఇప్పుడు పేచీ అంతా ఏ బడికి, ఏ మీడియానికి, ఎంత ఫీజుకి, ఎవరి పక్కన కూర్చోబెట్టడానికి అన్న దగ్గరే ఉంది. వక్తృత్వపు పోటీల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు.

నాకు బాగా తెలిసిన బడి ఒక్కటే. కోస్తా జిల్లాలో ఒక చిన్న పట్నంలో కన్యస్త్రీలు నడిపే ఆడపిల్లల హైస్కూలు. పేరు రాయను. అక్కడ చదివినవాళ్ళు పోల్చుకుంటారు, చదవనివాళ్ళకి పేరుతో పనిలేదు. గేటు దాటగానే మరియమాత గుహ, దాని ముందు నిద్రగన్నేరు చెట్టు, చెట్టుకి ఎదురుగా రెండంతస్తుల మేడ. అది ఇంగ్లీషు మీడియం. మేడ పక్కనుంచి వెనక్కి పోతే ఛాతీ ఎత్తు గోడ, గోడకి ఒక చిన్న ఇనప గేటు, ఆ గేటు అవతల రేకుల వరండాతో పొడుగాటి పాత బిల్డింగు. అది ఎయిడెడ్ తెలుగు మీడియం. దాని వెనకే బోర్డింగు. రెండు బడులకీ మేనేజిమెంటు ఒకటే, పునీతుడి పండగ ఒకటే, మంచినీళ్ళ బావి కూడా ఒకటే. యూనిఫారం వేరు, గంట వేరు. ఇంటర్వెల్లో ఆ చిన్న గేటుకి తాళం.

నేను ఒకటి నుంచి ఏడు దాకా గోడకి అవతల చదివాను, ఎనిమిది నుంచి పది దాకా ఇవతల చదివాను. కాబట్టి రెండు పక్కలా మాట్లాడే హక్కు నాకు కాస్తో కూస్తో ఉందనుకుంటాను.

ముందు మంచి చెప్పాలి. కాన్వెంటు అనగానే వెక్కిరించడం మన యూనివర్సిటీల్లో ఒక ఆచారం అయిపోయింది. "దొరసాని చదువు" అంటారు, "బొమ్మల్ని తయారుచేసే ఫ్యాక్టరీ" అంటారు. అలా అనేవాళ్ళలో చాలామంది ఆడపిల్లలు మాత్రమే ఉన్న బడి లోపల ఎలా ఉంటుందో చూసినవాళ్ళు కారు. ఇంటర్మీడియట్ కోసం నేను ఒక కార్పొరేట్ కాలేజీలో చేరిన మొదటి వారంలోనే ఒక చిన్న సంఘటన జరిగింది. పరీక్ష కోసం బెంచీలు జరపాలి. లెక్చరర్ గారు "అబ్బాయిలూ, నలుగురు రండి" అన్నారు. నేను అప్పటికే ఒక బెంచీ చివర పట్టుకుని వంగి ఉన్నాను. పక్కనున్న అబ్బాయి "నువ్వు ఉండు" అన్నాడు, మర్యాదగానే. నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. పదేళ్ళపాటు బెంచీలు మోసింది మేమే. స్పోర్ట్స్ డేకి సున్నంతో ట్రాక్ గీసింది మేమే, మైకు సెట్టు బిగించింది మేమే, ఫ్యూజు పోతే స్టూలెక్కి చూసింది తొమ్మిదో తరగతి అక్కయ్యలే. లెక్కల్లో ఫస్టు ఎవరంటే ఒక ఆడపిల్లే, లాస్టు కూడా ఆడపిల్లే. "ఆడపిల్లవి కదా, లెక్కలు రావులే" అన్న మాట ఆ బడిలో అర్థంలేని మాట. ఇదేమీ ఎవరూ పాఠంగా చెప్పలేదు. మగపిల్లలు లేరు కనుక పని మేం చెయ్యక తప్పలేదు, అంతే. ఆ తప్పనిసరితనం వల్ల వచ్చిన ధైర్యం ఇంకే బడిలోనూ అంత చౌకగా దొరకదని నా అభిప్రాయం.

ఇంకొక మేలు ఉంది. దాని గురించి మా అమ్మమ్మ నాకంటే బాగా చెప్పింది. నన్ను చేర్పించడానికి వచ్చిన రోజున హెడ్మిస్ట్రెస్ సిస్టర్ గది బయట మా నాన్నా, మునిసిపల్ కౌన్సిలరూ, రైసుమిల్లు యజమానీ వరసగా నిలబడి ఉన్నారట. అమ్మమ్మ ఇంటికొచ్చి, "మొగుడూ లేడు, మొగుడి సొమ్మూ లేదు, అయినా ఊళ్ళో ఎంతటివాడైనా ఆవిడ గుమ్మం ముందు నిలబడాల్సిందే" అంది. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతుందో అసూయ కూడా అంతే ఉంది. నిజమే. భర్త లేకుండా, తండ్రి నీడలో కాకుండా, చెక్కుల మీద సంతకం పెడుతూ, కాంట్రాక్టరుతో సిమెంటు లెక్క తేల్చుకుంటూ, ఎవరికీ భయపడకుండా బతికే ఆడమనిషిని నేను మొట్టమొదట చూసింది అక్కడే. మా సిస్టర్లలో సగంమంది కేరళ నుంచి వచ్చినవాళ్ళు. పద్దెనిమిదేళ్ళకి ఇల్లు వదిలి, భాష తెలియని ఊరికి వచ్చి, మళయాళపు యాసతో తెలుగు నేర్చుకుని, ఆ తెలుగులోనే మమ్మల్ని తిట్టేవాళ్ళు.

గుంటూరు వాళ్ళకి మేరీ గ్లోరీ గారి సంగతి తెలిసే ఉంటుంది. ఆస్ట్రేలియాలో వైద్యం చదివి, డాక్టరుగా పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సిస్టర్లలో చేరింది. ఆ కాలంలో కన్యస్త్రీలు వైద్యం చెయ్యడానికి తిరుసభ నియమాలు ఒప్పుకునేవి కావు. ఆమెకి పోపుగారి ప్రత్యేక అనుమతి కావలసివచ్చింది. ఆ అనుమతితోనే గుంటూరు ఆడవాళ్ళకి పురుళ్ళు పోసింది, పసిబిడ్డల్ని బతికించింది. 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రులన్నిటికీ ఒక సంఘం పెట్టింది. ఆడది చదువుకుంటే ఏమవుతుంది అన్నదానికి ఇంతకంటే వేరే వక్తృత్వం అక్కర్లేదు.

ఇక చెడు. జడలు రెండే వెయ్యాలి, రిబ్బను ఫలానా రంగే, పూలు పెట్టకూడదు, గోరింటాకు పెట్టుకుని వస్తే అరచెయ్యి రాయితో రుద్దించేవాళ్ళు. గట్టిగా నవ్వితే "ఏమిటా నవ్వు" అనేవాళ్ళు. ఇవి అందరికీ తెలిసినవే, వీటిమీద ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. ఒక్కటి మాత్రం అంటాను. మా బడిలో మంచి అమ్మాయి అంటే చప్పుడు చెయ్యని అమ్మాయి. బెంచీలు మోయించిన చేత్తోనే మా నోళ్ళు మూయించారు. అందుకే పెళ్ళిచూపుల్లో "కాన్వెంటులో చదివింది" అన్న మాటకి అంత గిరాకీ. పెళ్ళికొడుకు వాళ్ళకి అది ఇంగ్లీషు వచ్చు అని వినిపిస్తుంది, ఎదురుచెప్పదు అని కూడా వినిపిస్తుంది. ఊరందరినీ గుమ్మం ముందు నిలబెట్టే మా సిస్టర్ గారు, నిన్నగాక మొన్న గురుపట్టం పుచ్చుకున్న కుర్ర ఫాదర్ గారు వస్తే లేచి నిలబడి కాఫీ తెప్పించేది. మాకు చిన్నప్పుడు అది వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

మతం మార్పిస్తారన్న ఆరోపణ ఉంది కదా, దాన్ని దాటెయ్యడం భావ్యం కాదు. మా తరగతిలో కాథలిక్కు పిల్లలు సత్యోపదేశానికి వెళ్ళేవాళ్ళు, మిగతావాళ్ళం మోరల్ సైన్స్ చదివేవాళ్ళం. గుర్తింపు గానీ గ్రాంటు గానీ ఉన్న బడిలో మతబోధ వినమని ఎవర్నీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. కాన్వెంటు గుమ్మం తొక్కిన ఆడపిల్లలందరూ మతం మారిపోయే మాటే అయితే ఆ అంకె వేరేగా ఉండేది. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఏడాదికోసారి జరుగుతూనే ఉంది. పరీక్షల ముందు నేను మరియమాత గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించిన మాటా నిజమే. అమ్మకి తెలుసు, ఏమీ అనలేదు. మార్కులు వస్తే చాలనుకుందేమో.

నా ఫిర్యాదు మతం మీద కాదు, గోడ మీద.

ఏడో తరగతిలో నాకొక నేస్తం ఉండేది. బోర్డింగు పిల్ల. పేరు రాయడానికి ఆమెని అడగలేదు కనుక రాయను. పక్క మండలంలో పల్లె, తల్లిదండ్రులు కూలిపని చేసేవాళ్ళు, తాతల నాటినుంచి కాథలిక్కులు. స్కాలర్‌షిప్పు ఫారాలు నింపేటప్పుడు ఆమె ఫారం దగ్గర క్లాసు టీచరు ఆగిపోయేది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవం పుచ్చుకుంటే షెడ్యూల్డు కులాల్లోకి రారు. సిక్కుల విషయంలో 1956లో, బౌద్ధుల విషయంలో 1990లో ఆ ఉత్తర్వు సవరించారు గానీ క్రైస్తవుల విషయంలో సవరించలేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బి.సి. 'సి' గ్రూపులో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఇదంతా నాకు ఈ మధ్యన తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, లెక్కలు దానికి నాకంటే బాగా వచ్చు. భిన్నాలు నాకు బోర్డింగు మెట్ల మీద కూర్చోబెట్టి సుద్దముక్కతో నేర్పింది అదే. బదులుగా నేను ఇంటినుంచి ఆవకాయ అన్నం పట్టుకెళ్ళేదాన్ని.

2014లో మా అమ్మ చెవుల దుద్దులు బ్యాంకులో పెట్టి నన్ను గోడ ఇవతలికి మార్పించింది. తప్పు అనలేను. తెలుగు మీడియంలో ఉంటే పిల్లకి ముందు దారి ఉండదని అందరూ అంటున్నారు, సిస్టర్లే అన్నారు. చేరిన కొత్తలో ఒక మాట సరిగా మాట్లాడలేకపోయేదాన్ని. తెలుగు మాట్లాడితే రెండు రూపాయలు ఫైను. ఆ ఫైను డబ్బుతో బాలల దినోత్సవానికి చాక్లెట్లు పంచేవాళ్ళు. తెలుగు మాట్లాడిన పాపానికి కట్టిన డబ్బులో నా వాటా ఎక్కువ కనుక ఆ చాక్లెట్లు నాకు రెండు ఇవ్వాలని నవ్వుకునేవాళ్ళం, తెలుగులోనే, చాటుగా.

ఒకరోజు ఇంటర్వెల్లో గోడ అవతలినుంచి నా నేస్తం నా పేరు పెట్టి "ఏమేవ్!" అని పిలిచింది. చేతిలో ఉసిరికాయలున్నాయి. నా పక్కన కొత్త స్నేహితులు ఇద్దరున్నారు, ఒకమ్మాయి డాక్టరుగారి కూతురు. నేను వినపడనట్టు నడిచి వెళ్ళిపోయాను. రెండు రూపాయలకి భయపడలేదు. ఎందుకు భయపడ్డానో నాకు బాగా తెలుసు. మళ్ళీ అది పిలవలేదు.

2023లో బస్సులో కనిపించింది. జి.ఎన్.ఎం. చేసి ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. నన్ను చూడగానే "ఏమే, ఎట్లా ఉన్నావ్" అంది. అంతలో నా పక్కనున్న మా యూనివర్సిటీవాళ్ళని చూసి "బాగున్నారా" అని మార్చింది. ఆ రెండు మాటల మధ్య ఉన్నదే ఈ వ్యాసం.

దీనికి చిన్నపిల్ల చేసిన తప్పని సర్దుకోవచ్చు. కానీ చిన్నపిల్లకి ఆ తప్పు ఎవరు నేర్పారు? గేటుకి తాళం వేసిన చెయ్యి నేర్పింది. ఆడపిల్ల తన్ను తాను తక్కువ అనుకోకూడదని మాకు పదేళ్ళు చెప్పిన బడి, గోడ అవతలి ఆడపిల్ల తక్కువని ఏమీ చెప్పకుండానే నేర్పింది. చెప్పిన పాఠం కంటే చెప్పని పాఠమే బాగా వంటబట్టింది. ఇలాంటి చదువుతో వచ్చే స్త్రీ స్వేచ్ఛ ఎంతవరకు? మేడమీది ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానం అయ్యేవరకు. రేకుల కింద ఉన్నవాళ్ళు ఎవరితో సమానం కావాలి?

ఈ గోడ మా ఊరి సిస్టర్లు కనిపెట్టింది కాదు, అది కూడా ఒప్పుకోవాలి. కలకత్తా ఎంటాలీలో లొరెటో సిస్టర్ల ఆవరణలో ఇంగ్లీషు మీడియం బడి ఒకటీ, బెంగాలీ మీడియంలో సెయింట్ మేరీస్ బడి ఒకటీ ఉండేవి. మదర్ తెరీసా భూగోళమూ చరిత్రా పాఠాలు చెప్పింది ఆ బెంగాలీ బడిలోనే, 1944లో దానికే హెడ్మిస్ట్రెస్ అయింది. 1948లో ఆమె ఆ ఆవరణ దాటి మురికివాడలోకి నడిచిపోయింది. ఫీజు కట్టే బడి లాభంతో పేదల బడి నడపడం ఆ రోజుల్లో చాలా మఠాల పద్ధతి. ఉద్దేశం మంచిదే. ఫీజు లేకపోతే బోర్డింగులో గంజి కూడా కాగదు. కానీ దానధర్మం చేసే చోట కూడా వరసలు వేరు వేరుగా వెయ్యాలా అన్నది ప్రశ్న.

అసలు ఆ లొరెటో సిస్టర్ల మూలం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, గౌరవమూ కలిగింది. వాళ్ళు తమ గురువుగా చెప్పుకునేది మేరీ వార్డ్ అనే ఇంగ్లీషు స్త్రీని. పుట్టింది 1585లో. జెస్యూట్ గురువులు మగపిల్లలకి ఎంత గట్టి చదువు చెబుతున్నారో ఆడపిల్లలకీ అంత గట్టిగా చెప్పాలన్నది ఆమె పట్టు. 1609లో కొందరు స్త్రీలని కూడగట్టి బడులు మొదలుపెట్టింది. ఆ కాలంలో కన్యస్త్రీలంటే మఠం గోడల లోపలే ఉండాలి, బయటి ముఖం చూడకూడదు. గోడల లోపల ఉండి ఊళ్ళో పిల్లలకి చదువు ఎలా చెప్పగలం అని ఆమె ఆ నియమానికి ఒప్పుకోలేదు. 1631లో పోపు ఎనిమిదవ అర్బన్ ఆమె సంస్థని రద్దు చేశాడు. మతద్రోహి అని ముద్రవేసి మ్యూనిక్‌లో ఒక మఠంలో కొన్ని వారాలు బంధించారు. ఆ సంస్థకి ఆమే స్థాపకురాలని తిరుసభ ఒప్పుకునేసరికి 1909 వచ్చింది. 2009లో పూజ్యురాలని ప్రకటించారు. ఆమె పెట్టిన బాటలోనే ఐర్లండు నుంచి లొరెటో సిస్టర్లు 1841లో కలకత్తా వచ్చారు. అంటే ఆడపిల్లల కాన్వెంటు చదువు పుట్టిందే గోడ వద్దన్న మనిషి వల్ల. మా మోరల్ సైన్స్ పుస్తకంలో ఈ కథ లేదు.

గోడ తియ్యడం కుదిరేపని కాదు, తల్లిదండ్రులు ఒప్పుకోరు అని వెంటనే అంటారు. కుదురుతుందని చేసి చూపించింది కూడా కలకత్తాలోనే, ఆ లొరెటోవాళ్ళే. సీల్దాలోని లొరెటో బడికి 1979లో సిస్టర్ సిరిల్ మూనీ ప్రిన్సిపాలుగా వచ్చింది. ఐర్లండులో పుట్టి, లక్నోలో జంతుశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి. ఫీజు కట్టలేని పిల్లలకి వెనక వేరే షెడ్డు వెయ్యలేదు. ఉన్న తరగతుల్లోనే, ఉన్న బెంచీల మీదే వాళ్ళని ఏటేటా ఎక్కువమందిని చేర్చుకుంటూ పోయింది. కొన్నేళ్ళకి పధ్నాలుగు వందల పిల్లల్లో దాదాపు సగంమంది పేద ఇళ్ళవాళ్ళే అయ్యారు. ఎవరు ఫీజు కడుతున్నారో ఎవరు కట్టడం లేదో పక్కన కూర్చున్న పిల్లకి తెలియనక్కర్లేదు. 1985లో ఇంకో మెట్టు ఎక్కింది. సీల్దా స్టేషను చుట్టుపక్కల వీధుల్లో బతికే పిల్లల్ని బడి మేడమీదికి రానిచ్చి, ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే అమ్మాయిల చేత ఒక్కొక్కరికి ఒక్కొక్కరుగా చదువు చెప్పించింది. అది ఖాళీ సమయంలో చేసే పుణ్యకార్యం కాదు, టైంటేబుల్లోనే ఉన్న పని. వారానికోసారి పెద్ద తరగతుల అమ్మాయిలు పల్లెల్లోని బడులకి వెళ్ళి అక్కడి పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చేవాళ్ళు. ఆమెకి 2007లో పద్మశ్రీ ఇచ్చారు, 2023లో చనిపోయింది. డబ్బుగల తల్లిదండ్రులు కొందరు మొదట గొణిగే ఉంటారు. ఆ బడి మాత్రం మూతపడలేదు.

ఇప్పుడు మా బడికి వస్తాను. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే ప్రభుత్వం నింపదు. రిటైరైన టీచరు వెనక టీచరు రాక మా తెలుగు సెక్షన్ ఏటేటా చిక్కిపోయింది. అంతలో 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల్ని ఆస్తులతో సహా అప్పగించమనీ, లేదా సిబ్బందిని మాత్రం అప్పగించి గ్రాంటు లేకుండా సొంతంగా నడుపుకోమనీ అడిగింది. చాలా ఊళ్ళలో తల్లిదండ్రులూ పిల్లలూ రోడ్డెక్కారు. ఆ నవంబరులో ప్రభుత్వం కాస్త తగ్గి, ఇష్టమైతే ఉన్నట్టే ఉండొచ్చని కూడా అంది. కానీ అప్పటికే టీచర్లు వెళ్ళిపోయిన బడిలో ఉన్నట్టే ఉండడానికి ఏముంది? మరుసటి ఏడాది మా గోడ అవతల గంట మోగలేదు. పిల్లల్లో కొందరు మునిసిపల్ స్కూలుకి పోయారు, కొందరు ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. రేకుల వరండా కింద ఇప్పుడు ఇంగ్లీషు మీడియం బస్సులు నిలబెడుతున్నారు.

ఇక్కడ ప్రభుత్వాన్ని తిట్టడం సులువు, తిట్టాలి కూడా. కానీ మేనేజిమెంటుకి ఒక దారి మిగిలే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పాతిక శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వమంది. మైనారిటీల బడులకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు అది. ఆ హక్కు ఉండాల్సిందే అంటాను. తక్కువమంది ఉన్నవాళ్ళ బడిలో ఎక్కువమంది ఉన్నవాళ్ళు పెత్తనం చెయ్యకూడదు. అయితే ఆ హక్కు ఎవరికోసం? ఆ పేరుమీద వచ్చిన బడిలో ఆ మతానికే చెందిన కూలివాళ్ళ కూతురు ఫీజు కట్టలేక గేటు బయట నిలబడితే, ఆ అధికరణం కాపాడుతున్నది మైనారిటీనా, మేడనా? చట్టం బలవంతపెట్టలేదు కదా అని ఊరుకోవడం వ్యాపారస్తుడికి చెల్లుతుంది. పేదరికం వ్రతంగా పుచ్చుకున్నవాళ్ళకి చెల్లదు.

కిందటి దసరా సెలవుల్లో వెళ్ళి ఈ మాటే హెడ్మిస్ట్రెస్ సిస్టర్ గారితో అన్నాను. నాకు పదో తరగతిలో ఫిజిక్స్ చెప్పింది ఆవిడే. కోప్పడలేదు. టీ ఇప్పించి, "నువ్వు చెప్పేది నేను ప్రార్థనలో రోజూ అనుకునేదే అమ్మా. జీతాలు నెలకి ఎంతో తెలుసా నీకు?" అని రిజిస్టరు తీసి చూపించింది. టీచర్లకి ఇచ్చేది తక్కువే, అయినా కూడితే పెద్ద అంకె. ఆవిడ అబద్ధం ఆడడం లేదు. తరువాత, "సగం సగం చేస్తే డాక్టర్లూ వ్యాపారస్తులూ పిల్లల్ని తీసేస్తారు, అప్పుడు మిగతా సగానికి ఎవరు పెడతారు?" అంది. నేను సీల్దా సంగతి చెప్పాను. "అది కలకత్తా" అంది. కొంచెంసేపాగి, "నీలాగా ఒకళ్ళొచ్చి చెబితే నేనేం చెయ్యను, వందమంది వచ్చి అడిగితే ప్రొవిన్షియల్ మదర్ గారికి చూపించడానికి నా చేతిలో ఏదైనా ఉంటుంది" అంది. ఆ మాట నేను జాగ్రత్తగా దాచుకున్నాను.

మా పాత విద్యార్థినుల సంఘం ఈ ఏడాది చందాలు వసూలు చేస్తోంది. గేటుకి సిమెంటు ఆర్చీ కట్టించి దానిమీద బడి పేరు బంగారు రంగులో రాయిస్తారట. వాట్సాప్‌లో నమూనా బొమ్మ కూడా వచ్చింది, బాగానే ఉంది. నేను ఆర్చీకి డబ్బు ఇవ్వనని రాశాను. ఇలా రాశాక గ్రూపులో రెండు రోజులు ఎవరూ పలకలేదు. మూడో రోజున ఒక అక్కయ్య, అమెరికాలో ఉంటుంది, విడిగా ఫోన్ చేసి "నేను కూడా అవతలి పక్కన చదివినదాన్నే, ఎవరికీ చెప్పలేదు" అంది.

కాబట్టి ఒక ఉత్తరం రాశాం. అడిగినవి ఎక్కువేమీ లేవు. వచ్చే జూను నుంచి ఎనిమిదో తరగతిలో ప్రతి సెక్షన్‌లోనూ పది సీట్లు, పల్లెల్లోని తెలుగు బడుల నుంచి వచ్చే ఆడపిల్లలకి ఫీజు లేకుండా ఇవ్వాలి. వాళ్ళకి అదే యూనిఫారం, అదే బెంచీ. మొదటి ఏడాది సాయంత్రాలు వాళ్ళకి ఇంగ్లీషు చెప్పడానికి పై తరగతి అమ్మాయిల్ని కూర్చోబెట్టాలి, ఎదురు లెక్కలు నేర్చుకోవడానికి కూడా. తెలుగుకి ఫైను ఎత్తెయ్యాలి. బోర్డింగు మళ్ళీ తెరవాలి, దానికి చందా మేం నెలనెలా ఇస్తాం, ఆర్చీకి అనుకున్న డబ్బు మొదటి వాయిదా అనుకోవచ్చు. ఆ చిన్న గేటు తాళం తియ్యాలి. చివరిది చదివి మా అమ్మ నవ్వింది, "ఇప్పుడక్కడ ఎవరున్నారే, తాళం తీస్తే బస్సులు చూడ్డానికా?" అని. అయినా ఆ వాక్యం కొట్టెయ్యలేదు.

ఉత్తరం తెలుగులోనే ఉంది. ఇప్పటికి ముప్ఫై ఏడు సంతకాలయ్యాయి, వంద కావాలి. సంతకం కోసం నర్సుగా ఉన్న నా నేస్తాన్ని అడగాలంటే ముందు ఆ ఉసిరికాయల సంగతి ఒప్పుకోవాలి. ఆసుపత్రి ఫోన్ నంబరు సంపాదించాను, ఇంకా చెయ్యలేదు. ఈ సంచిక చదివేవాళ్ళలో నిద్రగన్నేరు చెట్టు, ఛాతీ ఎత్తు గోడ గుర్తుకొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, గోడకి ఏ పక్కన చదివినా సరే, లేడీస్ హాస్టల్లో నన్ను కలవండి. సాయంత్రం ఆరు దాటాక గదిలోనే ఉంటాను.